గ్రూపులో ఉన్నారు... కలిసి చదువుతున్నారా?

రాత్రి ఎనిమిదిన్నర. గిన్నెలు కడుగుతున్న తల్లి కొంగుకు చేతులు తుడుచుకుని ఫోన్ తీసిచ్చింది. ‘‘తొందరగా రాసుకోవే, మీ నాన్న ఫోన్ చేసే టైమయింది.’’ తొమ్మిదో తరగతి అమ్మాయి మంచం మీద బోర్లా పడుకుని క్లాసు వాట్సాప్ గ్రూపు తెరిచింది. సాయంత్రం సార్ పెట్టిన ఫొటో: నల్లబల్ల మీద ఐదు ప్రశ్నలు. ట్యూబ్‌లైటు వెలుగు పడి రెండోది కనపడటం లేదు. దాని కింద వరసగా బొటనవేళ్లు, ‘ఓకే సార్’లు, ఎవరో పంపిన పండగ శుభాకాంక్షలు. ఆ పక్కనే ఇంకో గ్రూపుంది, అందులో సార్ లేరు. క్లాస్ ఫస్ట్ వచ్చే పిల్ల తన నోట్సు పేజీలు ఫొటోలు తీసి అందులో పెట్టేసింది. అమ్మాయి వాటిని రెండు వేళ్లతో పెద్దవి చేసుకుంటూ అక్షరం పొల్లుపోకుండా ఎక్కించుకుంది. రెండో ప్రశ్న ఏమిటో ఆమెకు ఇప్పటికీ తెలియదు. జవాబు మాత్రం నోటుబుక్కులో ఉంది.

బడికెళ్లే పిల్లలున్న ఇళ్లలో ఇది కొత్త దృశ్యం కాదు. 2020 మార్చిలో కరోనాతో బడులు మూతపడినప్పుడు టీచర్లకు చేతికందిన సాధనం వాట్సాప్. ఆ సెప్టెంబరు ఒకటిన తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. టీవీలో పాఠం, గ్రూపులో వర్క్‌షీటు. బడులు తెరిచారు, మాస్కులు పోయాయి, గ్రూపులు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఇవాళ ఎల్‌కేజీకీ ఓ గ్రూపుంది, ఎంబీబీఎస్‌కీ ఓ గ్రూపుంది.

మరి వాటిలో పిల్లలు కలిసి చేస్తున్న పనేమిటి? చాలాచోట్ల ఏమీ లేదనే చెప్పాలి. పైనుంచి హోంవర్కు దిగుతుంది, కిందినుంచి ‘ఓకే’ వెళుతుంది. గుడ్‌మార్నింగ్‌ల వరద తట్టుకోలేక ‘అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టాలి’ అన్న మీట నొక్కేసిన టీచర్లను తప్పుపట్టలేం. కానీ ఆ మీటతో గ్రూపు కాస్తా నోటీసు బోర్డయిపోయింది. నలుగురూ కూడి ఒక వ్యాసం రాయడం, ఒకరి తప్పు ఇంకొకరు దిద్దడం, తెలియని పాఠకుడి కోసం మాట సరిచూసుకోవడం... ఇంటర్నెట్‌ చదువుకు ఇవ్వగలిగిన అసలు వరం ఇదీ. దాని రుచి మన పిల్లల్లో ఎక్కువమంది ఇంకా చూడలేదు.

నిషేధం తాకని చోట్లు

2025 డిసెంబరు 10 నుంచి ఆస్ట్రేలియాలో పదహారేళ్లు నిండని పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, స్నాప్‌చాట్, యూట్యూబ్ లాంటివన్నీ ఆ చట్టం కిందికి వచ్చాయి. ఉల్లంఘించిన కంపెనీకి దాదాపు ఐదు కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు. పిల్లలకుగానీ, తల్లిదండ్రులకుగానీ శిక్ష లేదు. అప్పట్నుంచీ మన దగ్గరా ఇదే మాట: ఇక్కడ కూడా అలాంటి చట్టం రావాలా, వద్దా?

ఈ వాదనలో చాలామంది దాటేస్తున్న విషయం ఒకటుంది. గూగుల్ క్లాస్‌రూమ్, గిట్‌హబ్, వాట్సాప్ ఆ నిషేధం పరిధిలోకి రావని ఆస్ట్రేలియా అధికారులే ప్రకటించారు. గిట్‌హబ్ అంటే ప్రోగ్రామర్లు కలిసి కోడ్ రాసుకునే చోటు. అంటే కఠినమైన చట్టం చేసిన దేశం కూడా, వేలితో పైకి తోస్తూ కూర్చునే చోటునూ, కూర్చుని పనిచేసే చోటునూ ఒకే గాటన కట్టలేదు. మన ఇళ్లలో మాత్రం రెండిటికీ కలిపి ‘ఆ ఫోన్ పక్కన పడెయ్’ ఒక్కటే మందు.

తల్లిదండ్రుల భయం ఊరికే వచ్చింది కాదు. గ్రామీణ విద్యపై 2025 జనవరిలో వెలువడిన ‘అసర్’ నివేదిక ప్రకారం దేశంలో 14-16 ఏళ్ల పల్లె పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. వారిలో అంతకుముందు వారంలో చదువుకు సంబంధించిన పనికి దాన్ని వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. ఫోన్ ఇంటికి చేరిపోయింది. దాంతో చేయదగ్గ పనే ఇంకా చేరలేదు.

చదవడానికే కాదు, రాయడానికీ

వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ 1990లో తయారుచేసిన మొట్టమొదటి వెబ్ బ్రౌజర్‌లో పేజీలు చదవడమే కాదు, అందులోనే రాయొచ్చు, మార్చొచ్చు. తర్వాత జనంలోకి వెళ్లిన బ్రౌజర్లు ఆ రాసే సగాన్ని వదిలేశాయి. దాన్ని మళ్లీ తెచ్చినవాడు అమెరికా ప్రోగ్రామర్ వార్డ్ కనింగ్‌హామ్. 1995 మార్చిలో ఆయన పెట్టిన మొదటి వికీలో ఎవరైనా ఏ పేజీనైనా మార్చొచ్చు. ఆరేళ్లకు, 2001 జనవరి 15న వికీపీడియా వచ్చింది. 2003 డిసెంబరులో, అమెరికాలో ఉంటున్న వెన్న నాగార్జున చొరవతో తెలుగు వికీపీడియా మొదలైంది. ఇప్పుడు అందులో లక్షకు పైగా వ్యాసాలున్నాయి. రాసినవాళ్లలో బ్యాంకు ఉద్యోగులు, ఇంజినీర్లు, రిటైరైన టీచర్లు, గృహిణులు ఉన్నారు. ఎవరికీ జీతం లేదు.

అక్కడ సభ్యులు విధానాలు మాట్లాడుకునే చోటికి పెట్టుకున్న పేరు ‘రచ్చబండ’. కొత్తవాళ్లు భయం లేకుండా రాసి చూసుకునే పేజీ ‘ప్రయోగశాల’. ఇంకా ఎదగని చిన్న వ్యాసం ‘మొలక’. తరగతి గదికి ఇంతకన్నా దగ్గరి మాటలు ఏముంటాయి?

> పెట్టె కథ: ‘అ’ దగ్గర ఆగిన మహాయజ్ఞం
>
> తెలుగులో సమగ్రమైన విజ్ఞాన సర్వస్వం ఉండాలని తపించినవాడు కొమర్రాజు లక్ష్మణరావు. విజ్ఞాన చంద్రికా మండలి నడిపిన ఆయన, నూరేళ్లకు ముందే ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ తలపెట్టారు. పండితులను కూడగట్టినా మోయలేనంత భారం ఆయన భుజాల మీదే పడింది. అకారంతో మొదలయ్యే అంశాల సంపుటాలు వచ్చాయి. 1923లో, నిండా యాభయ్యేళ్లు రాకుండానే కన్నుమూశారు. తెలుగు వికీపీడియన్లు తమ పురస్కారానికి ఆయన పేరే పెట్టుకున్నారు.

మార్కుల పేపర్ కాదు, లోకం చదివే వ్యాసం

కెనడాలోని వాంకూవర్. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో లాటిన్ అమెరికా సాహిత్యం చెప్పే జాన్ బీస్లీ-ముర్రే 2008లో తన తరగతికి ఓ పని పెట్టారు. టర్మ్ పేపర్ రాయక్కర్లేదు. గుంపులుగా ఏర్పడి, చదువుతున్న నవలల మీద, రచయితల మీద వికీపీడియా వ్యాసాలను తీర్చిదిద్దాలి. వ్యాసం ‘మంచి వ్యాసం’ స్థాయికి వెళితే ‘ఏ’ గ్రేడు. వికీపీడియా ఇచ్చే అత్యున్నత గుర్తింపు ‘విశేష వ్యాసం’ దక్కితే ‘ఏ ప్లస్’. ఆ గుర్తింపు ఇచ్చేది ప్రొఫెసర్ కాదు. ముక్కూ మొహం తెలియని వికీపీడియా సంపాదకులు.

టర్మ్ పేపర్‌కు పాఠకుడు ఒక్కడే. మార్కు వేసి పక్కన పెట్టేస్తాడు. ఇక్కడ అలా కుదరలేదు. గ్వాటెమాలా రచయిత, నోబెల్ గ్రహీత మిగెల్ ఏంజెల్ అస్తూరియాస్ నవల ‘ఎల్ సెన్యోర్ ప్రెసిడెంటే’ మీద రాసిన గుంపునే తీసుకోండి. ఆధారం చూపని వాక్యం నిలవదు. ఆధారం చూపాలంటే లైబ్రరీకి వెళ్లాలి. వెళ్లి తెచ్చింది నాలుగు ముక్కల్లో చెప్పలేకపోతే ఎవరో వచ్చి ‘ఇది అర్థం కావడం లేదు’ అని చర్చా పేజీలో రాసిపోతారు. మళ్లీ రాయాలి. వికీపీడియా పాతకాపులు కొందరు ఈ పిల్లలకు తోడు నిలిచారు. చివరికి ఆ తరగతి ఖాతాలో మూడు విశేష వ్యాసాలు, ఎనిమిది మంచి వ్యాసాలు పడ్డాయి. అస్తూరియాస్ నవల మీది వ్యాసం ఆ మూడింటిలో మొదటిది.

ఈ కథలో నన్ను కట్టిపడేసేది గ్రేడుల లెక్క కాదు. రాసింది మళ్లీ రాయడం, దాన్ని మళ్లీ దిద్దడం. మన చదువుల్లో ఏ వ్యాసమైనా ఒక్కసారే రాస్తాం. ఎర్రసిరా గీత పడ్డాక ఆ పేజీ వైపు తిరిగి చూసేవాళ్లు ఉండరు. దిద్దుకునే అవకాశమే లేని చోట రాయడం ఎలా వస్తుంది?

ఐదేళ్ల తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్య కళాశాల తన విద్యార్థులకు వికీపీడియాలో వైద్య వ్యాసాలు సరిదిద్దే పనికి క్రెడిట్ ఇవ్వడం మొదలుపెట్టింది. రోగాల గురించి జనం ముందుగా చదివేది అక్కడే కాబట్టి అక్కడి తప్పు తీయడం డాక్టరు పనేనన్నది దాని వెనకున్న ఆలోచన.

పుణేలో ఎక్కడ బెడిసింది?

అన్నీ విజయగాథలే అనుకోవద్దు. మన దేశంలోనే పెద్ద దెబ్బ తగిలింది. 2011లో, వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ పుణేలోని కొన్ని కళాశాలల్లో వికీపీడియా విద్యా కార్యక్రమం మొదలుపెట్టింది. వందలాది విద్యార్థులు ఒకేసారి ఇంగ్లిష్ వికీపీడియాలో రాయడానికి దిగారు. కొద్ది నెలల్లోనే పాఠ్యపుస్తకాల్లోంచి, వెబ్‌సైట్లలోంచి యథాతథంగా ఎత్తిపెట్టిన పేరాలు గుట్టలుగా పేరుకున్నాయి. ప్రపంచం నలుమూలల్లోని వలంటీర్లు వాటిని వెతికి తీసేయడానికి నానా తంటాలు పడ్డారు. ఆ ఏడాది నవంబరులో కార్యక్రమం ఆపేశారు.

దీన్ని చూపించి ‘మన పిల్లలు అంతే’ అనేవాళ్లున్నారు. అది అన్యాయం. ఒకటో తరగతి నుంచీ గైడు చూసి ఉన్నదున్నట్టు రాస్తే పదికి పది వేసిన పద్ధతి మనది. సొంత మాటల్లో రాస్తే ‘కీ’లో లేదని కోత పెట్టిందీ మనమే. అలా పెరిగినవాళ్లకు కాపీ తప్పని ఒక్క ఓరియంటేషన్‌లో చెబితే ఎక్కుతుందా? పైగా సాయం చేయడానికి పెట్టిన అంబాసిడర్లలో చాలామంది వికీపీడియాకు తామే కొత్త. నీళ్లలో దిగనివాళ్లతో ఈత నేర్పించబోయారు. వాంకూవర్‌లో ఒకే తరగతి, దగ్గరుండి చూసుకున్న ఒక మేష్టారు. పుణేలో అంత మందికి అలాంటి తోడు లేదు. తేడా పిల్లల్లో లేదు, ఈ ఏర్పాటులో ఉంది.

ఎరుపు పోయి ఆకుపచ్చ వచ్చేదాకా

కాపీ భయం లేకుండా కలిసి పనిచేయడం నేర్పాలంటే తెలుగులో మంచి చోటు ఒకటుంది: వికీసోర్స్. కాపీరైటు తీరిన పాత పుస్తకాలను స్కాన్ చేసి పెట్టి, వాటిని అక్షర రూపంలోకి తెచ్చే గ్రంథాలయం. తెర మీద ఓ పక్క పాత అచ్చు పుట బొమ్మ. ఇంకో పక్క యంత్రం గుర్తుపట్టిన అక్షరాలు. యంత్రానికి పాత తెలుగు అచ్చు ఇప్పటికీ పూర్తిగా లొంగలేదు. ‘మ’ ఉన్న చోట ‘వు’ పెడుతుంది, ‘ష’ను ‘ప’ చేస్తుంది, ఒత్తు మింగేస్తుంది. విద్యార్థి చేయాల్సింది రెండూ పక్కపక్కన చూస్తూ దిద్దడం.

దిద్దకముందు ఆ పుట గుర్తు ఎరుపు. ఒకరు దిద్దితే పసుపు. రెండో మనిషి వచ్చి మొదటి నుంచి చివరిదాకా సరిచూస్తేనే ఆకుపచ్చ. పసుపు చేసిన మనిషే ఆకుపచ్చ చేద్దామంటే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. ఇద్దరు ఉండి తీరాలి. పక్క బెంచీ పిల్ల దిద్దినదాంట్లో తప్పు పట్టుకోవడం, తనది పట్టుకుంటే ఉడుక్కోకపోవడం, ‘ఇక్కడ అరసున్నా ఉండాలా?’ అని కాసేపు తగువులాడుకోవడం... ఈ పనిలో అవన్నీ వాటంతట అవే వస్తాయి. తెలుగులో అరసున్నా, బండి-ర ఎక్కడుంటాయో టెన్త్ పాసైనవాళ్లను అడిగి చూడండి. ఇలాంటి పుటలు నాలుగు దిద్దిన పిల్లవాడు మాత్రం చెబుతాడు.

విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాల విద్యార్థులు గత దశాబ్దంలో, బెంగళూరుకు చెందిన సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ తోడ్పాటుతో తెలుగు వికీపీడియా, వికీసోర్స్‌లలో పనిచేశారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ‘ప్రాజెక్ట్ తెవికీ’ పేరుతో తెలుగు వ్యాసాల సంఖ్య పెంచే పని చేపట్టింది. ఇవి పెద్ద విద్యాసంస్థలు. హైస్కూళ్లలోకి ఈ గాలి ఇంకా గట్టిగా వీయలేదు.

ఎవరు రాశారు? చరిత్ర చెబుతుంది

గ్రూప్ ప్రాజెక్టు అనగానే ప్రతి టీచరూ అడిగే ప్రశ్న: ‘చేసేది ఒక్కరు, పేర్లు ఆరుగురివి. మార్కులెలా వేసేది?’ న్యాయమైన ప్రశ్నే. చార్టు పేపర్ దగ్గర దీనికి జవాబు లేదు. వికీ దగ్గర ఉంది. ప్రతి పేజీ పైన ‘చరిత్ర’ అని ఒక మీట ఉంటుంది. నొక్కితే ఏ వాడుకరి, ఏ రోజు, ఏ నిమిషాన ఏ అక్షరం మార్చారో కనిపిస్తుంది. గూగుల్ డాక్స్‌లోనూ ఇలాంటి ఏర్పాటుంది. రాత్రి పదకొండింటికి ఒక్కసారిగా వచ్చి పడిన వెయ్యి మాటల వ్యాసం ఏదో, నాలుగు రోజులు నలుగురు పెనుగులాడి పెంచిన రెండువందల మాటల వ్యాసం ఏదో ఇట్టే తెలిసిపోతుంది.

చాట్‌జీపీటీ లాంటివి వచ్చాక దీని విలువ ఇంకా పెరిగింది. పూర్తయిన వ్యాసాన్ని మాత్రమే చూసి మార్కు వేసే రోజులు పోయాయని నా నమ్మకం. ఎలా పెరిగింది, ఎవరు ఏం అడిగారు, ఏది కొట్టేశారు అన్నవాటికి మార్కులు వేయాలి. టీచరుకు ఇది అదనపు పని అవుతుంది. యాప్‌లలో హాజరు, యాప్‌లలో ఫొటోలు ఎక్కించడంతోనే సగం పొద్దు పోతున్న మనిషి నెత్తిన ఇంకోటి పెట్టడం కుదరదు. ఈ పని ఇవ్వాలంటే ఆ భారంలో కొంతైనా దించాల్సిందే. ఆ బాధ్యత విద్యాశాఖది.

> పెట్టె కథ: ఆడపిల్లల ఫోన్ నంబర్లు జాగ్రత్త
>
> మామూలు వాట్సాప్ గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరికీ మిగతా అందరి ఫోన్ నంబర్లూ కనిపిస్తాయి. ఇంటర్, డిగ్రీ గ్రూపుల్లో అమ్మాయిలకు తెలియనివాళ్ల ఫోన్లు మొదలయ్యేది ఇక్కడే. వాట్సాప్ ‘కమ్యూనిటీ’ ప్రకటనల గ్రూపులో సభ్యుల నంబర్లు తోటి సభ్యులకు కనిపించవు. నోటీసులకే అయితే అది మేలు. వికీపీడియాలో రాయడానికి ఫోన్ నంబరు అక్కర్లేదు, అసలు పేరూ అక్కర్లేదు. పిల్లలు మారుపేరుతో ఖాతా తెరవాలి. బడి పేరు, ఇంటి చిరునామా, సొంత ఫొటో పెట్టకూడదు. అక్కడ రాసిన ప్రతిదీ చరిత్రలో ఉండిపోతుంది. ఇంటర్ పిల్లలకూ ఈ జాగ్రత్తలు తప్పవు: మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు అందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది.

అన్నయ్యకో ఫోన్, చెల్లికి అమ్మ ఫోన్

అదే అసర్ నివేదికలో ఇంకో లెక్కుంది. ఫోన్ వాడటం వచ్చిన 14-16 ఏళ్ల పిల్లల్లో సొంత ఫోన్ ఉన్న అబ్బాయిలు 36 శాతం, అమ్మాయిలు 27 శాతం. మిగతావాళ్లకు అమ్మ ఖాళీ అయినప్పుడు అరగంట, నాన్న ఇంటికొచ్చాక కాసేపు. అందుకే ఇంట్లో ఫోన్ మీద చేయాల్సిన ప్రాజెక్టు ఏదైనా అమ్మాయిలకు, కూలి పనులకు వెళ్లే ఇళ్ల పిల్లలకు అన్యాయమే చేస్తుంది.

కలిసి రాసే పని బడిలోనే జరగాలి. నలుగురికి ఒక కంప్యూటర్ చాలు. నిజానికి నలుగురికి ఒకటి ఉండటమే మేలు: ఒకరు టైపు చేస్తారు, ఒకరు పుస్తకం పట్టుకుంటారు, ఇద్దరు వాక్యం ఎలా ఉండాలో వాదించుకుంటారు. తెలుగు టైపింగ్ రాదన్న సాకూ ఇప్పుడు లేదు. చెబితే తెలుగులో రాసిపెట్టే సదుపాయం సాధారణ ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే ఉంది. యంత్రం చేసిన అచ్చుతప్పులు దిద్దుకుంటే సరి. రోజంతా ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టే పిల్లలు ఒక పీరియడ్ పాటు తెలుగు లిపిలో, పదిమంది చదివేలా రాస్తారు. తెలుగు మీడియం, ఇంగ్లిష్ మీడియం తగువు ఎటు తేలినా, ఈ ఒక్క పీరియడ్ రెండు మీడియంల వాళ్లకూ అవసరమే.

మార్కులున్న చోటే మొదలుపెట్టొచ్చు

కొత్త సిలబస్ అక్కర్లేదు. మన హైస్కూళ్ల ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పనికి ఇప్పటికే మార్కులున్నాయి. తెలుగు వాచకంలో పాఠాల చివర ‘ప్రాజెక్టు పని’ ఉండనే ఉంది. ఆ మార్కుల కోసం పిల్లలు ఇప్పుడు చేసేది నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించి, చార్టు మీద అంటించి, రంగు స్కెచ్‌తో గీత గీయడం. ఏడాది చివర ఆ చార్టులు తూకానికి పోతాయి.

తెలుగు వికీపీడియాలో వేలాది ఊళ్లకు పేజీలున్నాయి. వాటిలో చాలావరకు 2011 జనాభా లెక్కలు, భూమి వినియోగం అంకెలు తప్ప ఊరి ఊపిరి లేదు. చెరువు పేరు లేదు, గుడి బొమ్మ లేదు, పండే పంట సంగతి లేదు. ఒక గుంపు ఫొటోలు తీసి, వికీపీడియాకు బొమ్మల భాండారమైన వికీమీడియా కామన్స్‌లో పెట్టొచ్చు. ఇంకో గుంపు ఊరి గురించి అచ్చయిన సమాచారం వెతకొచ్చు. వికీపీడియాలో తాతయ్య చెప్పిన కథ ఆధారంగా చెల్లదు, ప్రచురితమైనది కావాలి. చాలామందికి ఇది చిక్కుగా కనిపిస్తుంది. కానీ పిల్లల్ని లైబ్రరీకి నడిపించేది ఈ నియమమే. జిల్లా గెజిటీర్లున్నాయి, శాసనాల సంపుటాలున్నాయి. రెండు శతాబ్దాల కిందట కల్నల్ కాలిన్ మెకంజీ ఊరూరా సేకరింపజేసిన స్థానిక చరిత్రలు, కైఫీయత్తులున్నాయి. కడప జిల్లా కైఫీయత్తులను అక్కడి సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం అచ్చు కూడా వేసింది. తన ఊరి పేరు అందులో కనిపించినప్పుడు తొమ్మిదో తరగతి పిల్లవాడి మొహం చూడాలి. తాతయ్య కథ ఎటూ పోదు. దాన్ని రికార్డు చేసి బడి గోడపత్రికలో రాసుకోవచ్చు.

ఒక తరగతి, ఒక ఊరి పేజీ, ఒక టర్మ్. అంతకన్నా పెద్దగా మొదలుపెట్టొద్దు, పుణే అనుభవం చాలు. ముందు టీచరు తానే ఖాతా తెరిచి, ప్రయోగశాలలో నాలుగు వాక్యాలు రాసి, ఒకటి రెండు వ్యాసాలు దిద్ది చూడాలి. చిక్కొస్తే రచ్చబండలో అడగొచ్చు, జవాబిచ్చేవాళ్లున్నారు.

మాష్టారూ, టీచరమ్మా, ఈ ఆదివారం తీరిక దొరికితే తెలుగు వికీపీడియాలో మీ బడి ఉన్న ఊరి పేజీ ఒక్కసారి తెరవండి. అది ఇంకా 2011 లెక్కల దగ్గరే ఆగిపోయి ఉంటే, మీ తొమ్మిదో తరగతికి ఈ ఏడాది ప్రాజెక్టు పని దొరికినట్టే.